ఆకలి దాచుకుని ఖరగ్‌పూర్ వెళ్లండి

టికెట్టు లేదు, మెనూ కార్డు లేదు. దసరా రోజుల్లో ఈ రైల్వే పట్నం మొత్తం ఒక వంటల పండగే. ఏ పూట ఏం తినాలి, ఏమని అడగాలి, దేనికి దూరంగా ఉండాలి?

అష్టమి నాటి మధ్యాహ్నం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో దుర్గాపూజ పందిరి ముందు జనం బారులు తీరి ఉంటారు. పొద్దున పుష్పాంజలి అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివారే వాళ్లలో ఎక్కువ. లోపల పెద్ద గుండిగల్లో వేయించిన పెసరపప్పు, బియ్యం కలిపి వండిన ఖిచుడీ పొగలు కక్కుతుంటుంది. రెండు వీధుల అవతల తెలుగువారింట్లో అమ్మవారికి పులిహోర, గారెలు, పరమాన్నం. పక్క క్వార్టర్లో ఉండే బీహారీ కుటుంబానికి నవరాత్రి ఉపవాసం, పండ్లూ సగ్గుబియ్యంతోనే సరి. మర్నాడు నవమి. అదే వీధి చివర మాంసం దుకాణం ముందు తెల్లవారకముందే క్యూ.

మహానగరాల్లో ఫుడ్ ఫెస్టివల్ అంటే టికెట్టు కొనుక్కుని, చేతిలో వైన్ గ్లాసు పట్టుకుని, స్టాలు తరవాత స్టాలు తిరగడం. ఖరగ్‌పూర్‌లో అలాంటిదేమీ ఉండదు. ఒక ఊళ్లో ఐదారు రాష్ట్రాల వంటలు ఒకే వారంలో పొయ్యి ఎక్కుతాయి, అంతే. వాటిలో అమ్మేవి కొన్నే. మంచివన్నీ పందిళ్లలో పంచేవి, ఇళ్లలో పెట్టేవి. కాబట్టి ఇక్కడికి వెళ్లేవారికి జేబు బరువు కన్నా అతిథిగా మెలగడం తెలియడం ముఖ్యం. తెలుగువారికైతే ఇంకో సౌకర్యం ఉంది. ఈ ఊళ్లో వాళ్లు పూర్తిగా పరాయివాళ్లు కారు.

వాల్తేరు నుంచి వచ్చిన పోపు వాసన

కోల్‌కతాకు నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో ఉత్తరాంధ్ర పోపు వాసన ఎందుకు వస్తుందో తెలియాలంటే రైలు పట్టాల కథ కొంచెం వినాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పుకోస్తా రైలు మార్గం 1893-96 మధ్య సిద్ధమైంది. 1902లో దాని ఉత్తర భాగం బీఎన్నార్ చేతికి వచ్చింది. అప్పటి నుంచి అటు వాల్తేరు, ఇటు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ పట్టాల మీదికి చేరాయి. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి జనం పనికోసం రైలెక్కారు. 1920లలో బీఎన్నార్ కార్మికులను సంఘటితం చేసినవారిలో ఒకరు వి.వి.గిరి. తరవాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

కంపెనీ పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినా ఈ బంధం తెగలేదు. 2003లో తూర్పుకోస్తా రైల్వే జోను మొదలయ్యేదాకా వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వేలోనే ఉంది. వంద సంవత్సరాల పాటు బదిలీలు, పెళ్లి సంబంధాలు, ఊరగాయ జాడీలు ఇదే దారిలో నడిచాయి. నింపుర, మథురాకాటి లాంటి పేటల్లో తెలుగు మాట వినబడటానికి, న్యూ సెటిల్‌మెంట్ వైపు ఏకంగా బాలాజీ మందిర్ పేరుతో ఓ పేటే ఉండటానికి కారణం అదే. తెలుగువారి పక్కనే బెంగాలీలు, ఒడియావారు, బీహారీలు, పంజాబీలు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు. అందరినీ తెచ్చింది రైలే. అందరూ వెంట తెచ్చుకున్నది తమ వంటే.

ఎప్పుడు వెళ్లాలి?

మొదటిసారి వెళ్లేవారికి దసరాయే సరైన సమయం. దుర్గాపూజ, నవరాత్రి, రావణ దహనం ఒకదానిమీద ఒకటి పడేది అప్పుడే. జనాన్ని తట్టుకోలేమనుకునేవారికి ఇంకా మూడు దారులున్నాయి. సెప్టెంబరు 17 ప్రాంతంలో వచ్చే విశ్వకర్మ పూజ వర్క్‌షాపుల పండగ. మన ఆయుధపూజకు దగ్గరగా ఉంటుంది, భోజనాలూ గట్టిగానే ఉంటాయి. డిసెంబరు ఆఖరులో క్రిస్‌మస్. ఈ ఊరి ఆంగ్లో ఇండియన్ వంటల జాడ పట్టుకోవాలంటే అదే అదను. చలి తగ్గాక వసంతంలో తెలుగు పేటల్లో మాతా పూజలు మొదలవుతాయి. ఘటాలు, డప్పులు, అమ్మవారి ఊరేగింపులతో అచ్చం మన గ్రామదేవత జాతరలా ఉంటాయి.

దసరాకే అనుకుంటే టికెట్టు సంగతి ముందు చూసుకోండి. రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే తెరుచుకుంటున్నాయి. విశాఖ వైపు నుంచి హౌరా, షాలిమార్ వెళ్లే ముఖ్యమైన రైళ్లలో చాలావాటికి ఖరగ్‌పూర్‌లో హాల్టు ఉంది. పూజ సెలవులకు ఊళ్లకు వెళ్లే బెంగాలీలు, ఒడియావారు కూడా ఇవే రైళ్ల మీద ఆధారపడతారు. మొదటి రోజు మొదటి గంట దాటితే వెయిటింగ్ లిస్టే. బసకు రైల్వే రిటైరింగ్ గదులో, స్టేషనుకు దగ్గరలో హోటలో మాట్లాడుకోండి. సాయంత్రం పందిళ్ల దారుల్లో వాహనాలను ఆపేస్తారు. అప్పుడు టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు కూడా దొరకవు. ఎంత దూరమైనా నడకే. కొత్త చెప్పులు ఇంట్లోనే వదిలేయండి.

కడుపు లెక్క

తిండి పండగకు వెళ్లినవాళ్లు చేసే మొదటి తప్పు మొదటి గంటలోనే కడుపు నింపేసుకోవడం. ఖరగ్‌పూర్‌లో ఆ ప్రమాదం స్టేషనులోనే ఎదురవుతుంది. ఇక్కడి ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది, 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. మహేంద్ర సింగ్ ధోనీ 2001-03 మధ్య టికెట్ కలెక్టరుగా నడిచిన స్టేషను కూడా ఇదే. ఇక్కడ ఆకు దొన్నెల్లో పెట్టిచ్చే ఆలూదమ్‌కు రైలు ప్రయాణికుల్లో మంచి పేరుంది. ఊళ్లో దిగేవారు ఒక దొన్నెతో ఆపండి. రైల్లో ముందుకు వెళ్లేవారైతే బోగీ తలుపు కనిపించేంత దూరం దాటి వెళ్లకండి. కిలోమీటరు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి రైలు అందుకోవడం సినిమాల్లోనే బాగుంటుంది.

షష్ఠి సాయంత్రం: దీపాలు వెలిగే పూట. ఈ రోజు చిరుతిళ్లకు కేటాయించండి. ఫుచ్కా మన పానీపూరీకి చుట్టమే. కానీ లోపల కూరేది మసాలా కలిపిన ఆలుగడ్డ ముద్ద, పోసేది చింతపండు నీళ్లు. ఆ నీళ్లు ఏ నీళ్లో తెలియకపోతే పొడిగా, నీళ్లు పోయకుండా ఇమ్మని అడగొచ్చు. ఎవరూ నవ్వరు.

సప్తమి పొద్దున: గోల్‌బజార్ వైపు వెళ్లండి. ఇడ్లీ, వడ, దోసె బళ్ల దగ్గర నిలబడి తినేవారిలో బెంగాలీ, బీహారీ, పంజాబీ అందరూ ఉంటారు. ఈ ఊళ్లో ఇడ్లీ పొరుగు రాష్ట్రపు వింత కాదు, రోజూ తినే ఫలహారం.

అష్టమి: పొద్దున ఏమీ తినకండి. పుష్పాంజలి చూసి, మధ్యాహ్నం పందిట్లో భోగ్ తినండి. ఖిచుడీతో పాటు నాలుగైదు కూరగాయలు కలిపి మెత్తగా వండిన లాబ్డా, తియ్యటి టమాటా చట్నీ, పాయసం వడ్డిస్తారు. కొన్నిచోట్ల కూపన్లు ముందురోజే ఇచ్చేస్తారు కాబట్టి సప్తమి సాయంత్రమే వెళ్లి కనుక్కోండి. ఉచితంగా పెట్టినచోట హుండీలో తోచింది వేయండి. పంక్తిలో కూర్చున్నాక మారు వడ్డిస్తామంటే తినగలిగినంతే పెట్టించుకోండి. ప్రసాదం విడిచిపెట్టడం అక్కడా తప్పే. తినేవాళ్ల ముఖం మీదికి ఫోను పెట్టి ఫొటోలు తీయకండి.

నవమి: మాంసాహారులకు పెద్ద రోజు. నూనె తేలేదాకా సన్నమంట మీద వేయించి దగ్గరపడనిచ్చిన కొషా మాంగ్షో అసలు రుచి ఇళ్లలోనే. ఎవరైనా భోజనానికి పిలిస్తే మొహమాటపడి మానుకోకండి. వెళ్లేటప్పుడు చేతిలో మిఠాయి పొట్లం ఉండాలి.

దశమి: సాయంత్రం రావణ్ మైదానంలో రావణ దహనం. జనం విపరీతంగా వస్తారు. పిల్లలతో వెళితే ముందే తినిపించి తీసుకువెళ్లండి, గుంపు అంచున నిలబడండి. నిమజ్జనం అయ్యాక విజయ పలకరింపులు మొదలవుతాయి. ఆ రోజు ఏ బెంగాలీ ఇంటికి వెళ్లినా కొబ్బరి ఉండ తినకుండా బయటికి రాలేరు. షుగరు ఉన్నవాళ్లు లెక్క ముందే వేసుకోవాలి. నాలుగిళ్లకు వెళ్లాలనుకుంటే ఇంటికి సగం ఉండ చొప్పున చాలు.

శాకాహారులకు హెచ్చరిక

దసరా అంటే నీచు ముట్టని రోజులని అలవాటుపడిన తెలుగు ఇంటివారికి ఇక్కడ మొదట తికమక తప్పదు. బెంగాలీలకు దుర్గ పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. ఆడపడుచు వస్తే ఇంట్లో చేపా మాంసం లేకుండా ఎలా? ఇందులో తప్పొప్పుల ప్రశ్న లేదు. ఎవరి ఆచారం వారిది. అయితే శాకాహారులు మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

‘నిరామిష్’ అంటే శాకాహారం. వడ్డించేవారికి ఆ మాట చెప్పండి, ఉల్లి వెల్లుల్లి కూడా లేని వంట దొరుకుతుంది. కానీ ‘నిరామిష్ మాంగ్షో’ అన్నది వినబడితే ఆగిపోండి. అది ఉల్లి వెల్లుల్లి లేకుండా వండిన మాంసం! పప్పే కదా అని గిన్నె అందుకోకండి. పెళ్లిళ్లకు, పండగలకు చేసే పెసరపప్పులో చేప తలకాయ వేసే వాడుక ఉంది. ‘ఛేంచ్డా’ అన్న కూరగాయల కూర సంగతీ అంతే. ‘ముడిఘంటో’ పేరు విని మురీలనుకుంటే పొరపాటు. అది చేప తలకాయతో, బియ్యంతో చేసే వంటకం. ఆలూ చాప్‌లో ఆలుగడ్డే ఉంటుంది. కానీ అదే మూకుడులో చేప చాప్ కూడా వేగిందేమో అడగాలి. ‘మాఛ్’ అంటే చేప, ‘డిమ్’ అంటే గుడ్డు, ‘ఝాల్’ అంటే కారం. ఈ మూడు మాటలు నేర్చుకుంటే సగం గండం గడిచినట్టే.

పేరు వేరు, రుచి మనదే

కాస్త పరికించి చూస్తే ఈ ఊరి పళ్లెంలో మన వంటిల్లు వేరే పేర్లతో కనిపిస్తుంది. ఇలిష్ అని బెంగాలీలు ప్రాణం పెట్టే చేపే మన గోదావరి పులస. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత వాళ్లకు చెబితే అర్థం చెప్పాల్సిన పని ఉండదు. దసరా నాటికి దాని కాలం చివరికి వస్తుంది, ధర మాత్రం దిగదు. తినేముందు ధర అడగండి. తినేటప్పుడు మాట్లాడకండి. ముల్లు ఎక్కువ, స్పూనుతో కుదరదు, చేత్తోనే తినాలి.

ఆ చేపకు పట్టించే ఆవముద్ద కూడా మనకు కొత్తది కాదు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టకపోతే ఒప్పుకోని మనకు బెంగాలీ ఆవ ఘాటు నచ్చకపోవడం అరుదు. వాళ్లకూ లేత పనసకాయ కూర ఇష్టమే. దాన్ని ‘ఎంచోడ్’ అంటారు. ఇక మేదినీపూర్ జిల్లాల ప్రత్యేకత గయ్నా బొడీ. గయ్నా అంటే నగ. మినప్పిండిని బాగా గిలక్కొట్టి, చిల్లు ఉన్న గుడ్డలోంచి పిండుతూ గసగసాలు పరిచిన పళ్లెం మీద హారాలు, జుంకాల ఆకారంలో తిప్పి చలికాలపు ఎండలో ఆరబెడతారు. మన మినప వడియాలకే నగలు తొడిగినట్టుంటుంది. దసరాకు కొత్తవి ఉండవు. క్రిస్‌మస్‌కు వెళ్లేవారు అడిగి కొనుక్కోవచ్చు. సులువుగా విరిగిపోతాయి కాబట్టి రేకు డబ్బా తీసుకువెళ్లండి.

విశాఖ బీచిలో మనం తినే మురీ మిక్చరులోని ‘మురీ’ ఇక్కడా అదే పేరుతో పలుకుతుంది. పొద్దున టిఫిను నుంచి సాయంత్రం ఆలూ చాప్‌తో నంజుకునేదాకా మేదినీపూర్‌లో మురీ లేనిదే రోజు గడవదు. ఆంగ్లో ఇండియన్ ఇళ్ల క్రిస్‌మస్ పళ్లెంలోని కుల్‌కుల్ మన గవ్వలకు కవల. రోజ్ కుకీ మన గులాబీ పువ్వే, అచ్చు కూడా అలాంటిదే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వాదించుకోవడం కన్నా ఇంకొకటి అందుకోవడం మేలు. రసగుల్లా విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బెంగాల్‌కు 2017లో, ఒడిశాకు 2019లో విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఖరగ్‌పూర్‌లో రెండు పక్షాలవారూ ఉన్నారు.

గ్లాసు సంగతి

ఫుడ్ ఫెస్టివల్ అనగానే గ్లాసు కోసం చూసేవారికి ఖరగ్‌పూర్‌లో దొరికేది తక్కువ, ఎదురయ్యే ముప్పు ఎక్కువ. పూజ పందిళ్ల దగ్గర తాగి కనిపించడం అమర్యాద. స్టేషనులో, రైల్లో తాగి గొడవ చేయడం 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షను కింద నేరం. కొన్ని రోజులు మద్యం దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి తాగే అలవాటున్నవారు బస చేసిన హోటల్లో ముందే కనుక్కుని, లైసెన్సు ఉన్నచోటికే వెళ్లాలి.

క్రిస్‌మస్‌కు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ద్రాక్షతోనో అల్లంతోనో చేసిన వైన్ చిన్న గ్లాసులో పెట్టి ఇవ్వడం పాత అలవాటు. అది కేకుతో పాటు వచ్చే మర్యాద. కొనుక్కుంటామని అడగకండి. చుట్టుపక్కల సంతాల్ పల్లెల్లో అన్నాన్ని పులియబెట్టి చేసే హాండియా వాళ్ల పూజలోనూ పెళ్లిలోనూ భాగం. కోరాపుట్ కొండల్లోని లందాకు అది దగ్గరి బంధువు. పిలిచి ఇస్తే గౌరవంగా అందుకోవడం ఒకటి, వింత కోసం వెతుక్కుంటూ వెళ్లడం మరొకటి. ఇక మూత, ముద్ర లేని సీసాను ఎవరిచ్చినా తాకవద్దు. 2011 డిసెంబరులో ఇదే రాష్ట్రంలో దక్షిణ 24 పరగణాల జిల్లా సంగ్రాంపూర్ ప్రాంతంలో మిథనాల్ కలిసిన కల్తీసారా తాగి 150 మందికి పైగా చనిపోయారు. పాపం, వాళ్లలో ఎక్కువమంది రోజు కూలీలే. అందులో మిథనాల్ కలిసిందని రుచి చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

తెలుగులో అడగండి

చివరిగా ఒక సలహా. ఇది జీర్ణశక్తికి సంబంధించింది కాదు. గోల్‌బజార్‌లో ఇడ్లీ బండి ముందు నిలబడినప్పుడు హిందీలోకి దిగేముందు ఒకసారి తెలుగులో అడిగి చూడండి. అవతలివైపు నుంచి ఉత్తరాంధ్ర యాసలో జవాబు వస్తే ఆశ్చర్యపోకండి. ‘ఏ ఊరు బాబూ?’ అన్న ప్రశ్న తరవాత చట్నీ ఇంకో గరిటె పడటం ఖాయం.

ఇందులో తీపితో పాటు కొంచెం చేదూ ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో మూడో, నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవడం, రాయడం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. ఉద్యోగాలకు హిందీ, ఇంగ్లిషు, వీధిలో బెంగాలీ. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసినవారికి అది పెద్ద ఊరట. అయితే ఉత్తర్వు కార్యాలయాల దాకా తీసుకువెళ్లగలదు, ఇంటి గుమ్మం లోపలికి రాలేదు. లోపల భాషను కాపాడుతున్నది ఇప్పటికీ వంటిల్లే. కందిపొడి, చారు, ఆవకాయ, బూరె అన్న మాటలకు బెంగాలీ పేర్లు లేవు కాబట్టి పిల్లలు వాటిని తెలుగులోనే అడగాలి. అమ్మమ్మ తెలుగులోనే ‘చాలా, ఇంకా వెయ్యనా?’ అనాలి.

ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వెళ్లినవారు అక్కడి తెలుగు విని, యాసను చూసి నవ్వడం, ‘మీరు బెంగాలీలైపోయారే’ అనడం ఆ ఊళ్లో తగలగలిగే అతి పెద్ద దెబ్బ. వంద సంవత్సరాలు పరాయి నేలమీద నిలబెట్టుకున్న మాట అది. మీకు కొత్తగా వినిపించే పదం మీ తాతగారు వాడి, మీ ఇంట్లో మరిచిపోయినదే కావచ్చు. ఏ పండగ భోజనానికైనా వెళ్లినవారు ఇచ్చిపుచ్చుకోవాలి కదా. కడుపునిండా తిని, కాస్త తెలుగు మాట్లాడి రండి. ఆ ఊళ్లో అంతకన్నా మంచి బహుమతి ఉండదు.

బయలుదేరేముందు

• చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. జనం ఒత్తిడికి ఫోను సిగ్నలు చచ్చిపోతే ఆన్‌లైన్ చెల్లింపులు సాగవు.

• సీలు వేసిన నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు సంచిలో వేసుకోండి. అక్టోబరు ఉక్కపోత తక్కువేమీ కాదు, వానా రావచ్చు.

• కళ్లముందు వేగేది, పొగలు కక్కేది తినండి. కోసి పెట్టిన పండ్లు, నల్లబడిన నూనెలో వేగేవి వద్దు.

• రోజుకు ఒకటే పెద్ద భోజనం. మిగతావన్నీ రుచి చూడటం వరకే. ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి.

• బీపీ, షుగరు మందులు గదిలో కాదు, జేబులో ఉండాలి. నడిచి తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది.

• పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

• ఇంటి నుంచి ఒక చిన్న సీసా ఆవకాయ తీసుకువెళ్లండి. మీ కోసం కాదు. ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తారు, అప్పటికి పనికొస్తుంది.